పెండ్లికూతురి చీరకు తగిన కేకు

నూలు ధరలు, మగ్గముల వార్తలు ప్రచురించు ఈ పత్రికలో కేకును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని షోలాపురము మొదలు సేలము వరకు, బరంపురము మొదలు యానాము వరకు మన ఇండ్లలో పెండ్లి విందునాడు కేకు కోయుట ఇప్పుడు కొత్త సంగతి కాదు. మనలోని క్రైస్తవ కుటుంబములకు ఇది పరిచితమైన ఆచారమే. ఇతరుల ఇండ్లకు రిసెప్షనుతోపాటు వచ్చి చేరినది. ఫోటోలో వధువు చీర ప్రక్కనే నిలుచునది ఆ కేకే. కనుక ఇది మన వృత్తికి సంబంధించిన విషయమే యని మా అభిప్రాయము.

మేమెరిగిన ఒక ఇంట తండ్రి తానే మగ్గముపై కూర్చుండి కుమార్తెకు మీగడరంగు పట్టుచీర నేసెను. విందునాడు దాని ప్రక్కన సున్నము కొట్టినంత తెల్లని కేకు నిలిపిరి. వచ్చినవారిలో ఒకరు, "పిల్లకు పాత చీర కట్టితిరేమి?" అని అడిగిరి. చీరలో లోపమేమియు లేదు. ప్రక్కనున్న తెలుపు దానిని మాసినట్లు చూపినది. అన్ని దినముల శ్రమను ఒక గంట ఉండు కేకు చిన్నబుచ్చినది. మరియొక ఇంట ఇట్లు జరుగరాదనియే ఈ నాలుగు మాటలు.

తెల్లని పెండ్లి దుస్తు లోకమున వాడుకలోనికి వచ్చుటకు విక్టోరియా రాణి వివాహము ఒక ముఖ్య కారణము. 1840 ఫిబ్రవరి 10న ఆమె ధరించిన శాటిను పట్టు లండనులోని స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్రు నేసినది. లేసు డెవను ప్రాంతపు స్త్రీలు చేతితో అల్లినది. ఆ రెండు వృత్తులును అప్పుడు కష్టదశలో నుండెను. స్వదేశపు పనివారికి పని కలుగునని రాణి ఆ సరకునే కోరెను. ఆనాటి కేకు సుమారు 300 పౌనులు తూగినది. 1947 నవంబరు 20న ఎలిజబెత్ రాకుమార్తె పెండ్లికి నాలుగంతస్తుల కేకు 9 అడుగుల ఎత్తున నిలిచినది. ఆ పెండ్లికే గాంధీజీ తాను వడికిన నూలుతో చేసిన లేసు గుడ్డను కానుకగా పంపెను. కేకు ఎంత పెద్దదైనను తినుటకే. విక్టోరియా దుస్తు మాత్రము నేటికిని భద్రముగా నున్నది. కావున చీరను బట్టి కేకును ఎన్నుకొనవలెను గాని, కేకును బట్టి చీరను కాదు.

తెలుపులో ఎన్ని తెలుపులున్నవో మనవారికి చెప్పనక్కరలేదు. చలువ చేసిన నూలు తెలుపు వేరు, ఉడికించి జిగురు తీసిన పట్టు తెలుపు వేరు. ఐసింగులోను అంతే. గ్రుడ్డు తెల్లసొన, చక్కెర పొడి కలిపిన రాయల్ ఐసింగు సుద్దవలె తెల్లనిది. వెన్న క్రీములో వెన్న పసుపు ఛాయ కొంచెముండును. చర్చి పెండ్లికి మల్లెపూవు వంటి తెల్లచీర కట్టు వధువుకు రాయల్ ఐసింగు, మీగడరంగు పట్టుకు వెన్న క్రీము తగును. గ్రుడ్డు తిననివారు ఆ సంగతి బేకరీవారికి ముందే చెప్పవలెను.

రంగును నోటితో చెప్పిన చాలదు. ఫోనులో ఫోటో పంపినను రంగు మారును. రవిక కుట్టగా మిగిలిన గుడ్డముక్కను బేకరీకి తీసికొనిపోయి, ట్యూబులైటు క్రింద గాక పగటి వెలుతురున చూపవలెను. అద్దకమువారి వద్ద మనము చేయు పనియే ఇదియును.

బరంపురపు పట్టు కుంభపు అంచునుగాని, కంచిపట్టు పెద్ద అంచునుగాని యథాతథముగా కేకుపైకి దింపరాదు. ఒక్కొక్క అంతస్తు ఎత్తు సామాన్యముగా నాలుగంగుళములు. ఎనిమిదంగుళముల అంచు అందులో ఇమడదు. ఒక్క మామిడిపిందెనో, రుద్రాక్ష వరుసనో ఎన్నుకొని అంతస్తు అడుగున చుట్టు త్రిప్పించిన చాలును. చీర నిండ బుటాలున్నచో కేకు సాదాగా నుండవలెను. చీర సాదా అయినచో కేకుపై కొంత పనితనము చూపవచ్చును. నరసాపురపు లేసు మేలిముసుగు వేసికొను వధువుకు ఆ లేసు పూవునే ఐసింగుతో దిద్దించవచ్చును.

ఎరుపు, మెరూను, నెమలికంఠపు రంగు చీరలకు కేకంతయు అదే రంగు పులుమరాదు. ముదురు రంగుకు రంగుపొడి ఎక్కువ పట్టును. ఎరుపు చేదెక్కవచ్చును, పెదవులకు అంటును. వెన్న క్రీములో గంటలు గడచినకొలది ఇంకను ముదురును. ఒళ్ళు మీగడరంగున నుంచి, అంచు మాత్రము చీర రంగున దిద్దించుట మేలు. జరీ మెరపు కొరకు బంగారు పొడి చల్లింపదలచినచో అది తినదగినదా యని అడుగవలెను. అలంకారమునకే గాని తినుటకు పనికిరాని పొడులును అంగళ్ళలో నున్నవి. నిజమైన జరీ పోగులు కేకుపై పెట్టనే పెట్టరాదు.

ఎండను కూడ తలచుకొనవలెను. మే నెలలో షోలాపురమున 40 డిగ్రీలు మామూలే. 30 డిగ్రీలు దాటినచో వెన్న క్రీము జారును. విందు పందిటి క్రిందనైనచో పండ్లకేకుపై రాయల్ ఐసింగు వేయించుట క్షేమము. మీగడరంగు కావలెనన్న దానిలోనే చుక్క రంగు కలిపించవచ్చును. జడలోని పూలనే కేకుపై నుంచుట ముచ్చటగా నుండును గాని అవి పురుగుమందు కొట్టనివి కావలెను. గన్నేరు విషము. దానిని కేకు దరికి రానీయరాదు.

కేకు కోయునపుడు వధువు కొంగు చెక్కుకొని, కుచ్చిళ్ళపై చేతిగుడ్డ వేసికొనవలెను. పట్టుకు వెన్న అంటినచో నీరు పోయరాదు, రుద్దరాదు. పైనున్న దానిని చెంచాతో మెల్లగా తీసి, పౌడరు చల్లి కొంతసేపుంచి దులిపి, డ్రైక్లీనింగుకు ఈయవలెను.

కేకు గంటలో ముగియును. చీర మనుమరాలి పెండ్లి వరకు పెట్టెలో నుండును. మన చేతిపనికి మనమే పెద్దపీట వేయనిచో ఇతరులు వేయుదురా? పెండ్లి పనులు మొదలిడిన ఇండ్లవారు రవికగుడ్డ ముక్కను పారవేయక దాచియుంచవలెనని మా మనవి.