డెబియను సంఘమువారి సామాజిక నిబంధన

పల్లెలో వైద్యుడొకడు లేహ్యమిచ్చును. రోగము కుదురును, కాని యోగము మాత్రము చెప్పడు. అతడు గతించినచో లేహ్యమును గతించును. కంప్యూటరులో నడచు సాఫ్టువేరులో పెక్కింటి గతి యిట్టిదే. యంత్రమునకు తెలియు రూపమున నమ్మబడునే గాని, మనుష్యుడు చదువదగిన సోర్సుకోడు బయటికి రాదు. దానిని చదువుటకు, దిద్దుటకు, ఇతరులకు పంచుటకు నెల్లరకును హక్కిచ్చునది స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇచ్చట స్వేచ్ఛ యన వెల లేకుండుట కాదని చదువరులు గుర్తెరుంగవలెను.

1993 సం॥ ఆగస్టు 16వ తేదీన అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థియగు అయన్ మర్డాక్ డెబియను అను ఆపరేటింగు సిస్టమును ప్రకటించెను. డెబ్రా యను స్నేహితురాలి పేరును తన పేరును కూర్చి దానికా నామమిడెను. నేడు దానిని నడపువారు సుమారు వేయిమంది సభ్యులు. లోకమంతట చెదరియున్న స్వచ్ఛంద సేవకులు. 1997లో వారు సామాజిక నిబంధన యను పత్రము నంగీకరించిరి. డెబియను సంపూర్ణముగా స్వేచ్ఛా సాఫ్టువేరుగనే యుండునని యందలి మొదటి వాగ్దానము. కాని స్వేచ్ఛలేని సాఫ్టువేరు నవశ్యముగా వాడవలసినవారును కొందరుందురు గదా! వారి కొరకై యైదవ నిబంధన వ్రాసిరి. దాని ప్రకారము భాండాగారమును మూడు భాగములు చేసిరి. మెయిను అనునదే అసలు డెబియను. తాను స్వేచ్ఛగలదయ్యు స్వేచ్ఛలేనిదానిపై నాధారపడునది కాంట్రిబులో నుండును. తక్కినవి నాన్‌ఫ్రీలో నుండును. ఈ రెండును డెబియనులోనివి కావు. అయినను వారి సర్వరులనుండియే దొరకును. వచ్చినవానిని లోనికి పిలువక, పొమ్మననులేక, అరుగుపై చాపవేసి కూర్చుండబెట్టినట్లున్నది.

ఆ అరుగును తీసివేయవలెనని 2004లో తీర్మానము రాగా, సభ్యులు వోట్లువేసి దానిని నిలిపిరి. స్వేచ్ఛా సాఫ్టువేరు ఫౌండేషనువారు డెబియనును తమ పట్టికలో చేర్చకుండుట కిదియొక కారణము.

అసలు చిక్కు ఫర్మువేరుతో వచ్చినది. వైఫై కార్డు మొదలగు పరికరములలో చిన్న ప్రాసెసరుండును. దానిని నడపు ప్రోగ్రామే ఫర్మువేరు. పూర్వము తయారుచేయువారు దీనిని పరికరములోని చిప్పునందే యుంచి యిచ్చుచుండిరి; దానిని గూర్చి పెద్దగా వివాదము లేకుండెను. పిమ్మట చిప్పు వ్యయము తగ్గుటకును, తప్పులు దిద్దుట సులభమగుటకును, ఆపరేటింగు సిస్టమే ప్రతిపర్యాయము దానిని పరికరములోనికి పంపునట్లు చేసిరి. అదే ప్రోగ్రాము, చోటు మాత్రము మారినది. ఇప్పుడది డెబియను వాకిట నిలిచి లోనికి రానిమ్మనెను.

2011లో వెలువడిన స్క్వీజు అను సంచికనుండి, కెర్నెలులోని స్వేచ్ఛలేని ఫర్మువేరును మెయినునుండి తొలగించిరి. ఫలితమేమనగా, వైఫై తప్ప వేరు మార్గములేనివాడు డెబియనును స్థాపింపబూనినచో, ఇంటర్నెట్టునకు ఫర్మువేరు కావలెను. ఫర్మువేరునకు ఇంటర్నెట్టు కావలెను! ఫర్మువేరుతో కూడిన యినుస్టాలరు వేరుగ లేకపోలేదు. కాని యది యనధికారమైనది, క్రొత్తవారికి సులభముగ కనబడనిది. చూపులేనివారి కష్టము మరింత ఘోరము. వారికి ఇనుస్టాలరు మాటలాడి చెప్పవలెను. కొన్ని యంత్రములలో ఫర్మువేరు లేనిదే శబ్దమే రాదు. నియమపాలన వలన నష్టపడినవారు వీరేగాని, సోర్సుకోడు దాచిన కంపెనీలు కావని నా యభిప్రాయము.

2022లో సభ్యులు దీనిపై వోట్లువేసిరి. సామాజిక నిబంధనను మార్చుటకు వ్యతిరేకులకంటె అనుకూలురు మూడురెట్లుండవలెను. మనము లొంగిన, సోర్సుకోడు నిమ్మని తయారీదారుల నడుగు బలము పోవునని కొందరు వాదించిరి. ఆ భయము నిరాధారము కాదు. తుదకు మార్పే గెలిచెను. ఐదవ నిబంధనకు ఫర్మువేరును గూర్చి యొక వాక్యము చేర్చిరి. 2023 జూన్ 10న వెలువడిన బుక్‌వర్ము సంచికలో ఫర్మువేరునకు నాన్‌ఫ్రీనుండి వేరుచేసిన క్రొత్త భాగ మేర్పడెను. ఇనుస్టాలరు అవసరమైన ఫర్మువేరును తానే తెచ్చుకొనును. వలదన్నవారు ప్రారంభముననే యాపవచ్చును.

తక్కిన నాన్‌ఫ్రీ సాఫ్టువేరు నేటికిని అరుగుమీదనే యున్నది. కావలసినవాడు తానే తలుపు తీసి తెచ్చుకొనవలెను. అట్లు తెచ్చుకొన్నవాని పట్టిక చదివి చూపుటకు డెబియనులో నొక చిన్న సాధనముండెడిది. స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమస్థాపకుడగు రిచర్డు స్టాల్మన్ ఎదుట నిలిచి మందలించునట్లుండునని, పరిహాసముగా దానికాయన పేరే పెట్టిరి.