బీరువా కింద గొంగళి

‘బీరువా’ అచ్చతెలుగు మాటేనా అని అడిగేవాళ్లు కొందరు. కాదు, యానాంలో ఫ్రెంచివాళ్లు వదిలేసి వెళ్లిందని బల్లగుద్ది చెప్పేవాళ్లు ఇంకొందరు. మూలం ఫ్రెంచి ‘బ్యూరో’యే. అయితే అది ఇంగ్లీషులోకీ ఎప్పుడో చేరింది కాబట్టి, యానాం రేవులోనే దింపనక్కర్లేదు. కన్నడిగులూ ‘బీరు’ అంటారు మరి, వాళ్లకు యానాం ఎక్కడ?

నాకు కావలసింది వాళ్లు గుద్దిన ఆ బల్ల.

ఫ్రెంచిలో ‘బ్యూర్’ అంటే ముతక ఉన్నిబట్ట, మన గొల్లల గొంగళి లాంటిది. దాని పుట్టిల్లు లాటిన్ ‘బుర్రా’, అంటే బొచ్చు ఉన్ని. (మన బుర్రతో చుట్టరికం లేదు.) స్పానిష్‌లో చెరిపేయడాన్ని ‘బొర్రార్’ అనడం కూడా ఈ ఉన్ని చలవే, రాసింది దానితో తుడిచేవారు. ‘బ్యూరో’ కూడా మొదట బట్టే. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి కవి బువాలో తన వ్యంగ్యకావ్యంలో ఒక పేద కవికి తొడిగింది దాన్నే.

లెక్కలు చూసే బల్లమీద ఈ బట్ట పరిచేవారు. పోనుపోను బట్ట పేరు బల్లకు అంటుకుంది. బల్ల పేరు గదికి, గది పేరు కచేరీకి. మన దగ్గర ఇలాగే జరిగి ఉంటే, “అయ్యగారు గొంగళిలో ఉన్నారు, రేపు రండి” అనేవాడు బంట్రోతు. గుర్నే (1759లో చనిపోయాడు) అనే ఆర్థికవేత్త దానికి గ్రీకు తోక తగిలించి ‘బ్యూరోక్రసీ’ అన్నాడు. గొంగళిరాజ్యమన్నమాట! అందులో పని కావలసినవాడు గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోకూడదు. సరే, గొంగళిని ఇక మడిచేస్తాను.

తర్వాత ఎవరి దారి వాళ్లది. జర్మన్లకు ఆఫీసు, రష్యన్ల పొలిట్‌బ్యూరోలో పార్టీ పెద్దలు, బ్రిటన్‌లో సొరుగుల రాతబల్ల, అమెరికాలో బట్టలు పెట్టుకునే సొరుగుల పెట్టె. మన ఇంటికొచ్చేసరికి నిలువు తలుపులు మొలిచి, పట్టుచీరలు, నగలు, ఇంటి దస్తావేజులు చేరాయి. మన పత్రికల్లో మాత్రం ‘బ్యూరో’ అంటే విలేకరులే.

ఈ బీరువాను నైరుతిలో పెట్టి, తలుపులు కుబేరుడి దిక్కుకు తెరుచుకునేలా చూడాలట, ప్రాచీన శాస్త్రం చెప్పిందట! ఫ్రెంచి సామాను ఆ శాస్త్రంలోకి ఏ కిటికీలోంచి దూరిందో వాస్తు పండితులే చెప్పాలి.

పోనీ అల్మారా అందామా? అది పోర్చుగీసు ‘అర్మారియో’. అచ్చతెలుగే కావాలని పట్టుబట్టేవాళ్లకు ‘పెట్టె’ ఉంది. నగలు అందులో దాచుకోండి.