కర్మాగారములో సమావేశము

డిచ్‌పల్లి మొదలు బోధను వరకు చెరకు రైతులందరు ఎరిగిన సంగతి యొకటి కలదు. గడ నరికిన నాటినుండి అందలి తీపి తరుగుచుండును. బోధనులో 1937లో వెలసి 2015లో మూతపడిన నిజాము చక్కెర కర్మాగారము వంటి చోట్ల, క్రషింగు రోజులలో లోపల సమావేశము గంటసేపు సాగినచో బయట బండ్లపై చెరకు గంటసేపు ఎండును.

నూరుగురు, అంతకు మించి కార్మికులున్నచోట ప్రభుత్వము ఆజ్ఞాపించినచో వర్క్సు కమిటీ ఏర్పడవలెననియు, అందు కార్మిక ప్రతినిధులు యాజమాన్యపు ప్రతినిధులకంటె తక్కువ కారాదనియు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము విధించినది. కుర్చీలు సమమైనవి, మాటను సమముగా పంచుట మాత్రము అధ్యక్షుని పని.

చర్చనీయాంశములు ముందునాడే సభ్యులకు అందవలెను. కాటా వద్ద ఆలస్యమును గూర్చి మాటలాడునపుడు కాటా గుమాస్తాను పిలువకుండుట వ్యర్థము. మొదట కార్మికుని మాట వినుట మేలని మా అభిప్రాయము. అధికారి ముందుగా చెప్పినచో తక్కినవారు తల యూపి యూరకుందురు. మేమును ఎన్నో సమావేశములలో అట్లే తల యూపినవారమే!

లేచుటకు ముందు నిర్ణయమును, చేయవలసినవారి పేరును, గడువును వ్రాసి చదివి వినిపింపవలెను. తరువాతి సమావేశము ఆ కాగితముతోనే మొదలు కావలెను.