మాస్టారు మారితే ఊరికి చెప్పేదెవరు?

“అమ్మాయ్, ఆ మేడమ్ గారు ఇంక రారంటావా?”

పడవ దిగి లంక ఊళ్లో అడుగుపెట్టగానే ఒక పెద్దావిడ నన్నాపి అడిగింది. ఆవిడ కూతురు కువైట్‌కి ఇంటిపనికి వెళ్లింది. నెలల తరబడి జీతం అందలేదు, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోయింది. వేసవికి కాస్త ముందు, సోషల్ వర్క్ పాఠాలు చెప్పే ఆ మేడమ్, ఇద్దరు విద్యార్థులు ఆవిడ అరుగు మీద కూర్చుని సంగతంతా రాసుకున్నారు. రాయబార కార్యాలయానికి పంపాల్సిన అర్జీ సగం తయారైంది. ఇంతలో పరీక్షలొచ్చాయి, గెస్ట్ ఫ్యాకల్టీగా మేడమ్ గడువు తీరిపోయింది.

సెలవుల తర్వాత కొత్త మాస్టారు వచ్చారు. మంచి మనిషి. కానీ పాత కాగితాలేవీ ఆయన చేతికి రాలేదు. అదే అరుగు మీద కూర్చుని, “మీకు పిల్లలెంతమందండీ?” అని మొదలుపెట్టారు. పెద్దావిడ నావైపు చూసింది. “మళ్లీ మొదట్నుంచి చెప్పాలా అమ్మా?”

కోనసీమలో ఒక స్వచ్ఛంద సంస్థలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. నేనూ ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినదాన్నే. ఏటా సోషల్ వర్క్ విద్యార్థులు ఫీల్డ్‌వర్కుకి మా దగ్గరికి వస్తారు. వాళ్లతో వచ్చే అధ్యాపకులు మారుతూనే ఉంటారు. ఆ మార్పు బరువు ఊరి మీద ఎలా పడుతుందో దగ్గరుండి చూశాను.

ఎమ్మెస్‌డబ్ల్యూ రెండేళ్ల చదువు. సాధారణంగా వారంలో రెండు రోజులు విద్యార్థులు ఊళ్లలోనో, ఆసుపత్రిలోనో, వసతి గృహంలోనో పనిచేయాలి. చూసింది, చేసింది రికార్డులో రాయాలి. దాన్ని సూపర్‌వైజర్ అయిన అధ్యాపకుడు దిద్దుతారు. కాబట్టి ఆయన పని తరగతి గదిలోనే అయిపోదు. సర్పంచి, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, డ్వాక్రా సంఘం లీడరు ఆయన్ని నమ్మితేనే విద్యార్థికి గుమ్మంలో మంచినీళ్లు దొరుకుతాయి. లెక్కల మాస్టారు మారితే పుస్తకం మిగులుతుంది. ఇక్కడ మాస్టారితో పాటు ఆ నమ్మకమూ వెళ్లిపోతుంది.

ఇంత తరచుగా ఎందుకు మారుతున్నారు? రెగ్యులర్ అధ్యాపకుడు రిటైరైతే ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటోంది. 2023లో మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధన పోస్టుల భర్తీకి నోటిఫికేషన్లు ఇచ్చారంటేనే ఖాళీలు ఎంతగా పేరుకుపోయాయో తెలుస్తుంది. కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదని యూజీసీ 2018 నిబంధనలు చెప్పాయి. ఆ ఖాళీల్లో పాఠాలు చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీకి 2019లో అదే యూజీసీ పీరియడుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని ఖరారు చేసింది. పీరియడు లెక్కన డబ్బు ఇస్తే, రేవులో పడవ కోసం నిలబడ్డ గంట ఏ పీరియడు కిందికి వస్తుంది?

పెద్ద సంస్థలకూ ఈ బాధ తప్పలేదు. దేశంలో సోషల్ వర్క్ చదువుకు పుట్టిల్లు ముంబైలోని టాటా సోషల్ సైన్సెస్ సంస్థ (టిస్). 1936లో దాన్ని మొదలుపెట్టిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ 1941లో వెళ్లిపోతే, జె.ఎం. కుమారప్ప తొలి భారతీయ డైరెక్టరుగా దాన్ని నడిపించారు. అప్పుడు మనిషి మారినా పని ఆగలేదు. కానీ అదే సంస్థ 2024 జూన్‌లో, టాటా ట్రస్టు నిధులు అందలేదని, హైదరాబాద్ సహా తన ప్రాంగణాల్లో వంద మందికి పైగా సిబ్బందికి తొలగింపు నోటీసులిచ్చి, కొద్ది రోజులకే వెనక్కి తీసుకుంది.

అప్పగింతలు ఎలా ఉండాలో మన రాజమండ్రికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1881లో అక్కడ తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గారు, తన తర్వాత కూడా పని సాగాలనే హితకారిణి సమాజం స్థాపించి, ఆస్తిని దానికి రాసిచ్చారు.

మేం విద్యార్థులకు నేర్పే కేస్‌వర్క్‌లో చివరి మెట్టు ‘టర్మినేషన్’. సెలవు తీసుకునే సంగతి ముందే చెప్పాలి. ఇంతవరకు ఏం చేశామో కలిసి మాట్లాడుకోవాలి. మిగిలిన పని ఎవరికి అప్పగిస్తున్నామో చూపించాలి. విద్యార్థి ఇది చేయకపోతే తప్పు పడతాం. మాస్టారు వెళ్లేటప్పుడు మాత్రం ఈ పాఠం ఎవరికీ గుర్తురాదు.

ఆ పెద్దావిడ విషయంలో నేనే మేడమ్‌కి ఫోన్ చేశాను. ఒక ఆదివారం ఆవిడ సొంత ఖర్చుతో వచ్చారు. తన దగ్గరున్న నకళ్లు తెచ్చారు. కొత్త మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, “ఇకమీదట మీ పని వీరు చూస్తారండి, నాకు చెప్పినట్టే చెప్పండి” అన్నారు. గంట కూడా పట్టలేదు. అర్జీ ఆ వారమే వెళ్లింది.

ఆ గంట ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. సోషల్ వర్క్ విభాగాలను నేను కోరేది ఇంతే. వెళ్లేవారూ వచ్చేవారూ కలిసి ఒక్కసారైనా ఫీల్డ్‌వర్క్ ఊళ్లకు రావాలి. కేసు రికార్డులు వివరాలు బయటపడకుండా చేతులు మారాలి. ఆ రోజుకు జీతం, దారి ఖర్చు ఇవ్వాలి. మీ ఊరికి విద్యార్థులు వస్తుంటే, వాళ్ల మాస్టారు మారినప్పుడు మీరూ అడగండి: “మా పని ఎవరికి అప్పగించారండీ?” అడిగే హక్కు మీకుంది.