భాగం 9: టొయోటా – ఒక పేరు, దాని వెనుక చరిత్ర

9.0 ఉద్దేశం

ఈ భాగాన్ని చదివిన తరువాత ఒక వ్యాపార నామానికి మంచి పేరు ఎలా వస్తుందో, ఏ పరిస్థితుల్లో అది దెబ్బ తింటుందో జపాన్ దేశపు టొయోటా సంస్థను ఉదాహరణగా తీసుకుని మీరు సొంత మాటల్లో వివరించగలగాలి. సంవత్సరాలను కంఠస్థం చేయనవసరం లేదు. ఏ సంఘటన తరువాత ఏది జరిగిందో, ఎందుకు జరిగిందో గ్రహిస్తే చాలు.

9.1 ఉపోద్ఘాతం

నాణ్యత నియంత్రణ అంటే ఏమిటో గత భాగంలో చదివారు. అక్కడ దానిని తనిఖీ విభాగం చేసే పనిగా చూశాం. తయారైన సరుకును చివరలో పరీక్షించి, బాగున్నది ఒకవైపు, బాగులేనిది మరొకవైపు వేయడమే తనిఖీ. టొయోటా చరిత్రలో మనకు కనిపించే ఆలోచన దీనికి భిన్నమైనది. లోపం పుట్టిన చోటే పని ఆగాలి అన్నది ఆ ఆలోచన. ఇది మోటారు కార్ల కర్మాగారంలో పుట్టలేదు, మగ్గం దగ్గర పుట్టింది. కాబట్టి మనమూ అక్కడి నుంచే మొదలుపెడదాం.

9.2 మగ్గం నుంచి మోటారు వరకు

సకిచి టొయోడా 1867లో ఒక వడ్రంగి కుటుంబంలో జన్మించాడు. ఊరిలో నేత నేసేవారి శ్రమను తగ్గించాలని కొయ్యమగ్గాన్ని మెరుగుపరిచి 1891లో పేటెంటు పొందాడు. తరువాత మరమగ్గాలు తయారుచేశాడు. మీలో నేత కుటుంబాల వారికి, సిరిసిల్ల వంటి చోట్ల మరమగ్గాలు చూసినవారికి ఇక్కడి చిక్కు వెంటనే అర్థమవుతుంది. దారం తెగినా మరమగ్గం ఆగకపోతే అక్కడి నుంచి నేసిన గుడ్డంతా పాడవుతుంది. అందుకని ప్రతి మగ్గం పక్కన ఒక మనిషి కళ్లు ఆర్పకుండా నిలబడాలి. సకిచి దారం తెగగానే తనంతట తానే ఆగిపోయే మగ్గాన్ని రూపొందించాడు. 1924లో వచ్చిన ‘జి’ రకం మగ్గంలో నాడెలోని దారం అయిపోతే యంత్రం ఆగకుండానే కొత్త నాడె వచ్చి చేరేది. లోపం ఉంటే ఆగడం, లేకుంటే ఆగకుండా సాగడం అనే రెండు గుణాలూ ఒకే యంత్రంలో కుదిరాయి. ఒక్క మనిషి అనేక మగ్గాలను చూసుకోగలిగాడు.

ఈ మగ్గం పేటెంటు హక్కులకు ఇంగ్లాండులోని ప్లాట్ బ్రదర్స్ సంస్థతో 1929లో లక్ష పౌండ్లకు ఒప్పందం కుదిరింది. నేత యంత్రాలను ప్రపంచానికి అమ్మిన దేశమే జపాన్ మగ్గానికి డబ్బు చెల్లించడానికి ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ ఒప్పందం కోసం విదేశాలకు వెళ్లిన సకిచి కుమారుడు కిచిరో మోటారు పరిశ్రమను కూడా చూసి వచ్చాడు. అప్పటికే ఫోర్డు, జనరల్ మోటార్స్ సంస్థలు జపాన్‌లోనే కార్లను బిగించి అమ్ముతున్నాయి. వాటితో పోటీ పడాలన్న కిచిరో ఆలోచన చాలామందికి సాహసంగానే తోచి ఉండాలి. అయినా మగ్గాల సంస్థలో 1933లో మోటారు విభాగం ఏర్పడింది. 1935లో తొలి ట్రక్కు, 1936లో ‘ఎ ఎ’ అనే తొలి కారు వచ్చాయి. 1937లో మోటారు సంస్థ వేరుపడింది.

కుటుంబం పేరు టొయోడా కాగా సంస్థ పేరు టొయోటా కావడం మీరు గమనించే ఉంటారు. జపాన్ లిపిలో టొయోటా అని రాయడానికి ఎనిమిది గీతలు చాలు. ఎనిమిది అక్కడ శుభ సంఖ్య. పలకడానికి కూడా ఆ మాటే తేలిక అనుకున్నారు. పైగా కుటుంబం పేరు వేరు, సంస్థ పేరు వేరు అన్న స్పష్టత కూడా వచ్చింది.

తొలి ట్రక్కులకు మాత్రం మంచి పేరేమీ రాలేదు. అవి దారిలో తరచు ఆగిపోయేవి. మరమ్మతు మనుషులను పంపి, చెడిన భాగాలు మార్చి, ఏది ఎందుకు విరిగిందో రాసుకుని వచ్చి మార్పులు చేసేవారు. నేడు ‘చెడిపోని బండి’ అన్న మాటకు ఉదాహరణగా చెప్పే సంస్థ ఇలా మొదలైందని గుర్తుంచుకోండి.

9.3 1950 సంక్షోభం

యుద్ధానంతర జపాన్‌లో ద్రవ్యోల్బణాన్ని అణచడానికి 1949లో కఠిన ఆర్థిక విధానం అమలు చేశారు. కొనేవారు తగ్గారు, అమ్మిన బండ్లకు డబ్బు వసూలు కాలేదు, సంస్థ దివాళా అంచుకు చేరింది. బ్యాంకులు అప్పు ఇచ్చాయి గాని షరతులు పెట్టాయి. అమ్మకాల విభాగం వేరే సంస్థగా విడిపోవాలి, ఖర్చు తగ్గాలి. 1,600 మందిని పని నుంచి తప్పించే ప్రతిపాదన వచ్చింది. అంతకుముందు ఎవరినీ తీసివేయబోమని యాజమాన్యం కార్మికులకు మాట ఇచ్చి ఉంది. సమ్మె జరిగింది. చివరకు ఉద్యోగాలు పోయాయి, వాటితోపాటు కిచిరో కూడా అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. అదే నెలలో కొరియా యుద్ధం మొదలై అమెరికా సైన్యం నుంచి ట్రక్కుల ఆర్డర్లు వచ్చాయి, సంస్థ గట్టెక్కింది. కిచిరో 1952లో మరణించాడు.

యాజమాన్య గ్రంథాలు టొయోటా పద్ధతిని పొగిడేటప్పుడు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. అది సరికాదు. సరుకు నిల్వలంటే ఆ సంస్థకు అంత భయం ఎందుకు, కార్మికులతో దీర్ఘకాల ఉద్యోగ భద్రత ఒప్పందానికి ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నలకు జవాబు ఎక్కువగా ఇక్కడే ఉంది. తోటివాడిని ఇంటికి పంపిన చోట ‘లోపాలు చెప్పండి’ అంటే ఎవరూ నోరు విప్పరు.

9.4 టొయోటా ఉత్పత్తి విధానం

ఆ రోజుల్లో యంత్ర విభాగాన్ని నడిపిన తైచి ఓనో ఈ విధానానికి రూపం ఇచ్చాడు. దీనికి రెండు ఆధారాలు ఉన్నాయి.

మొదటిది, అవసరమైన భాగం అవసరమైన సమయానికి అవసరమైనంతే రావడం. అమెరికా సూపర్ మార్కెట్ల పనితీరు గురించి విన్న ఓనోకు ఇందులో ఒక మార్గం కనిపించింది. మీ వీధి కిరాణా కొట్టును తలచుకోండి. అరలో సబ్బులు తగ్గినప్పుడే కొట్టతను కొత్తవి తెస్తాడు, తగ్గకముందే తెచ్చి పోస్తే డబ్బు అరల్లో ఇరుక్కుంటుంది. కర్మాగారంలో ఈ ‘తగ్గింది’ అన్న కబురును మోసేది కాన్‌బాన్ అనే చీటీ. ముందు దశ వారు వాడుకున్న మేరకే వెనుక దశ వారు తయారుచేస్తారు.

రెండవది మగ్గం నుంచి వచ్చినదే. లోపం కనిపించిన కార్మికుడు పైన వేలాడే తాడు లాగుతాడు. అండోన్ అనే దీపపు పలక వెలుగుతుంది, పర్యవేక్షకుడు వస్తాడు. కేటాయించిన సమయంలో సరి కాకపోతే వరుస ఆగిపోతుంది. నిమిషం ఆగితే ఎంతో నష్టమయ్యే చోట మామూలు కార్మికుడి చేతికి ఆ అధికారం ఇవ్వడమే ఈ విధానంలోని అసలు విశేషం. చీటీలను, దీపాలను ఎవరైనా కొనుక్కోవచ్చు. తాడు లాగినవాడిని తిట్టకుండా ఉండటం మాత్రం కొనుక్కోవడానికి దొరకదు.

దీనికి మంచి రుజువు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో దొరికింది. గైరుహాజరీలకు, తగవులకు పేరుమోసిన జనరల్ మోటార్స్ కర్మాగారం 1982లో అక్కడ మూతపడింది. 1984లో రెండు సంస్థలూ కలిసి దానిని తిరిగి తెరిచాయి. పాత కార్మికులలో అత్యధికులనే తీసుకుని, కొందరిని జపాన్ పంపి శిక్షణ ఇచ్చారు. మనుషులు వారే, కార్మిక సంఘం అదే, కార్ల నాణ్యత మాత్రం మారిపోయింది. అయితే జనరల్ మోటార్స్ ఆ అనుభవాన్ని తన ఇతర కర్మాగారాలకు త్వరగా తీసుకువెళ్లలేకపోయింది.

ఈ విధానానికి బలహీనత లేకపోలేదు. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సంస్థ కర్మాగారంలో అగ్ని ప్రమాదం జరిగింది. బ్రేకులకు సంబంధించిన ఒక చిన్న వాల్వు దాదాపు అంతా అక్కడి నుంచే వచ్చేది. నిల్వ కొన్ని గంటలకే సరిపోయింది, టొయోటా కర్మాగారాలు రోజుల తరబడి ఆగాయి. కుట్టు యంత్రాలు చేసే బ్రదర్ సంస్థతో సహా అనేక సంస్థలు ఆ వాల్వును తయారుచేసి పెట్టడంతో ఉత్పత్తి త్వరలోనే కోలుకుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: నిల్వలు తగ్గించడం వల్ల లోపాలు త్వరగా బయటపడతాయి అంటారు. ఎందుకు? (సూచన: ఒకే రకం భాగాలు వెయ్యి చేసి పెట్టుకున్నాక మొదటిదే లోపమని తెలిస్తే ఏమవుతుంది?)

9.5 పేరు రావడం, పేరు పోవడం

1957లో టొయోటా తన క్రౌన్ కారును అమెరికాకు పంపింది. జపాన్ రోడ్లకు సరిపోయిన ఆ కారు అక్కడి వేగ రహదారుల మీద నిలవలేకపోయింది. ఇంజన్‌కు బలం చాలలేదు, వేగం పెరిగితే బండి అదిరేది. 1960 నాటికి కార్ల ఎగుమతి నిలిపివేశారు. అక్కడి పరిస్థితులకు తగిన కరోనాతో 1965లో మళ్లీ వెళ్లారు. అదే సంవత్సరం సంస్థకు నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి లభించింది. 1966లో కరోలా వచ్చింది. 1973 చమురు సంక్షోభం తరువాత తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కార్లకు అమెరికాలో గిరాకీ పెరిగింది. 1989లో లెక్సస్ పేరుతో ఖరీదైన కార్ల మార్కెట్టులో ప్రవేశించింది. అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే సుమారు 8,000 కార్లను వెనక్కి పిలవవలసి వచ్చినప్పుడు, కొన్నవారి ఇళ్లకే వెళ్లి కార్లు తెచ్చుకుని, బాగుచేసి అప్పగించారు. లోపం బయటపడినా పేరు పెరగడం వింతగా తోచవచ్చు. కొన్నవాడు లోపం కంటే దానిని దాచారా, చెప్పారా అన్నదే ఎక్కువ గుర్తుంచుకుంటాడు.

ఇదే సూత్రం ఇరవై ఏళ్ల తరువాత ఎదురు తిరిగింది. 2008లో టొయోటా అమ్మకాలలో జనరల్ మోటార్స్‌ను దాటింది. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారు అదుపు తప్పి నలుగురు మరణించారు. వేరే నమూనాకు చెందిన చాప అమర్చడంతో యాక్సిలరేటర్ పెడల్ దాని కింద ఇరుక్కుందని తేలింది. ఆ తరువాత చాపల విషయంలోను, నొక్కితే తిరిగి పైకి రాని పెడళ్ల విషయంలోను లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 2010 ఫిబ్రవరిలో కిచిరో మనుమడు అకియో టొయోడా అమెరికా చట్టసభ సంఘం ముందు హాజరై క్షమాపణ చెప్పాడు. సంస్థ మరీ వేగంగా ఎదిగిందని అంగీకరించాడు. ఎలక్ట్రానిక్ వ్యవస్థే కారణమన్న అనుమానంపై అమెరికా ప్రభుత్వం నాసా ఇంజనీర్ల చేత పరిశీలన జరిపించింది. అటువంటి లోపం దొరకలేదని 2011లో ప్రకటించారు. కాని 2014లో వినియోగదారులను తప్పుదారి పట్టించినట్లు ఒప్పుకుని టొయోటా 120 కోట్ల డాలర్లు చెల్లించింది. చాపలు, పెడళ్లు సరిచేయదగిన లోపాలే. వాటి గురించి పూర్తిగా చెప్పకపోవడమే శిక్షకు కారణమైంది. దారం తెగింది, మగ్గం మాత్రం ఆగలేదు.

ఆ సంస్థ సొంతమైన డైహట్సులో భద్రతా పరీక్షల ఫలితాలను దశాబ్దాలుగా తారుమారు చేస్తూ వచ్చినట్లు 2023లో బయటపడింది. మరుసటి ఏడు టొయోటా సొంత నమూనాలు కొన్నింటి ధ్రువీకరణలో కూడా అక్రమాలు తేలాయి. అయినా మన్నిక విషయంలో కొనుగోలుదారుల నమ్మకం పెద్దగా సడలలేదు. యాభై ఏళ్లుగా నడిచిన బండ్లే ఆ నమ్మకానికి సాక్ష్యం. దానిని మంచిదనాలా, ప్రమాదకరమనాలా అన్నది మీరు ఆలోచించవలసిన ప్రశ్న.

9.6 భారతదేశంలో

1980లలో డి.సి.ఎం. సంస్థతో కలిసి టొయోటా మన దేశంలో తేలికపాటి ట్రక్కులు తయారుచేసింది. మన జహీరాబాద్‌లో ఆల్విన్, నిస్సాన్ కలిసి అటువంటి ట్రక్కులే చేసిన కాలమది. 1997లో కిర్లోస్కర్ గ్రూపుతో కలిసి బెంగళూరు దగ్గర బిడదిలో కర్మాగారానికి పూనుకుని, 2000లో క్వాలిస్‌ను, 2005లో ఇన్నోవాను తెచ్చింది. పెళ్లి బృందాలకు, తిరుపతి ప్రయాణాలకు, టాక్సీ నడిపేవారికి ఈ పేర్లు కొత్త కావు. క్వాలిస్ బాగా అమ్ముడవుతుండగానే దానిని ఆపి ఇన్నోవాను తేవడం గమనించదగిన నిర్ణయం. మరోవైపు పని భారంపై తలెత్తిన వివాదంతో 2020లో బిడదిలో లాకౌట్ వరకు వెళ్లింది. టొయోటా పద్ధతి ఏ దేశానికి వెళ్లినా కార్మికుల సమ్మతి తనంతట తానే వెంట రాదని దీనివల్ల తెలుస్తుంది.

2019లో టొయోటా మన మార్కెట్టులోకి గ్లాంజా అనే కారును తెచ్చింది. అది సుజుకి వారి బలెనోయే. తయారీ సుజుకిది, ముందున్న గుర్తు, అమ్మకం తరువాతి సేవ, వారంటీ టొయోటావి.

అభ్యాసం: మీ ఊరిలోని ఒక టాక్సీ డ్రైవరునో, మెకానిక్‌నో కలిసి గ్లాంజా, బలెనోలలో దేనిని కొంటారో, ఎందుకో అడగండి. వారి జవాబులో కారుకు సంబంధించినది ఎంత, పేరుకు సంబంధించినది ఎంత అన్నది విడదీసి ఒక పుటలో రాయండి.