సవరల మాట విన్న పంతులుగారు

1936వ సంవత్సరమున ఒక వృద్ధ పండితులు పర్లాకిమిడి నుండి రాజమహేంద్రవరమునకు కాపురము తరలి వచ్చిరి. ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందులో జేరుటచే, ఏబదేండ్లకు పైగా నివసించిన యూరిని విడిచిన గిడుగు రామమూర్తి పంతులుగారే వారు. వయస్సు డెబ్బది రెండు దాటినది. చెవులు వినబడవు. ఆ వినికిడి యెట్లు పోయినదో మన సోదరీమణులకు జెప్పవలెనని మా కోరిక.

పర్లాకిమిడిలో వా రుపాధ్యాయులు. ఆ చుట్టుపట్ల కొండలలో సవరలు కలరు. అప్పటికి వారి భాషకు లిపి లేదు, వారి పిల్లలకు బడి లేదు. ఆ భాష ముండా కుటుంబములోనిది. మన తెలుగునకు చుట్టము కాదు. తెలుగును సవరయు వచ్చిన యొకనిని పంతులుగారు తమ యింటనే యుంచుకొని, అతని నోటిమాట వినుచు, వ్రాసికొనుచు నేర్చిరి. ఆ యతిథికి దినదినము విస్తరి వేసి వడ్డించిన చేతులెవరివో మన సోదరీమణులకు వేరుగ జెప్పవలెనా?

గొంతులో ఊపిరి తటాలున నిలిచి పుట్టెడి ధ్వని యొకటి సవరలో గలదు. మన యక్షరమాలలో దానికి గుర్తు లేదు. ఇట్టివాని నెల్ల చెవితోనే పట్టుకొనవలెను. ఇందులకై అడవులలో దిరుగగా చలిజ్వరము పట్టినది. జ్వరమునకు క్వినైను పుచ్చుకొనగా చెవుడు వచ్చినది. వినికిడితో నేర్చిన విద్యకు వినికిడినే ధారపోసిరి.

అయినను పని ఆగలేదు. సొంత సొమ్ముతో బడులు పెట్టి సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పించిరి. వాచకములు, పాటలు, కథలు కూర్చిరి. దొరతనమువారు పారితోషికమీయ బోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడనిరి. సవర వ్యాకరణము 1931లో వచ్చినది. సవర నిఘంటువు 1938లో, అనగా వారు గోదావరి యొడ్డున నున్న కాలమున, వెలువడినది.

సవర బిడ్డకు సవరలో చెప్పినవారికి, తెలుగు బిడ్డ తన యింట నెవ్వరును బలుకని తెలుగులో పరీక్ష వ్రాయుట వింతగా దోచుట సహజమే. 1919లో రాజమహేంద్రవరముననే వీరేశలింగము పంతులుగారి యధ్యక్షతన వ్యావహారిక భాషకై సమాజము వెలసెను. ఈ వ్యాసమును మేము గ్రాంథికమున వ్రాయుటకు రామమూర్తి పంతులుగారు నవ్వియుందురు. నవ్వి, ఇందలి తప్పులను గూడ ఏరి చూపియుందురు.

ఈ బాధ మన కొక్కరికే కాదు. ఆఫ్రికాలోని కెన్యా దేశమున గూగీ వా థియాంగో చదివిన బడిలో, తల్లిభాషయైన గికుయు మాటలాడుచు పట్టుబడిన బిడ్డకు బెత్తపు దెబ్బలు తగిలెడివి. మెడలో అవమానపు పలక వ్రేలాడెడిది. ఆయన పెద్దయై ఆంగ్ల నవలలతో పేరుగాంచి, విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆంగ్లమున వ్రాసినంతకాలము ఆయనను ప్రభుత్వము చెరబెట్టలేదు. 1977లో కామిరీథు గ్రామమున కూలీలును రైతులును కలిసి గికుయు నాటకమాడిరి. దానిని వ్రాసిన ఇరువురిలో ఆయన యొకడు. పల్లెపడుచుకు సైతము తెలియు ఆ మాటలకు ప్రభుత్వ ములికిపడి, నాటకమును నిలిపి, ఆయనను విచారణయైన లేక చెరబెట్టెను. ఆ చెరలో మరుగుదొడ్డి కాగితములపై ఆయన గికుయున నవల వ్రాసెను. వరవరరావుగారి యనువాదమున అది ‘మట్టికాళ్ల మహారాక్షసి’ యను పేర తెలుగువారికిని దక్కినది. గూగీ 2025లో కాలధర్మము నొందెను.

మరల మన గోదావరికి వత్తము. రంపచోడవరము, మారేడుమిల్లి కొండలలో కోయ పలుకు నేర్చి పెరిగిన బిడ్డకు, బడిలో అడుగిడిన నాడు తెలుగే పరభాష. ‘నీ పేరేమి?’ యని యడిగిన పలుకదు; మొద్దు అని పేరు పడును. 2004 ప్రాంతమున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కోయ, సవర మున్నగు ఎనిమిది గిరిజన భాషలకు తెలుగు లిపితో చిన్నతరగతుల పుస్తకములు కూర్చిరి. మంచి పనియే. కాని పుస్తకము తనంత తాను పలుకదు గదా. ఆ భాష వచ్చిన పంతులమ్మ కావలెను.

ఆ కొండలలో పాఠము చెప్పు సోదరీమణులు, తమ బడి పిల్లల వద్ద మొట్టమొదట నేర్చిన మాటలేవో మాకు వ్రాసి పంపినచో సంతోషముతో ప్రకటింతుము.