అణగారినవాళ్లా, అణచబడినవాళ్లా?

కింది కులాల మీద ఇంగ్లీషు వేసిన మూడు విశేషణాల్ని విప్పి చూద్దాం: డిప్రెస్డ్, షెడ్యూల్డ్, బ్యాక్‌వర్డ్.

'డిప్రెస్డ్' అంటే కిందికి నొక్కబడిన అని మూలార్థం. 1932 పూనా ఒడంబడికలో 'డిప్రెస్డ్ క్లాసెస్' అనే రాశారు. ఇవాళ వాడుకలో ఆ మాట మనసు కుంగడానికే ఎక్కువ చెల్లుతోంది. 'ఎందుకట్లా డిప్రెస్డ్‌గా ఉన్నావ్?' అంటాం. ఆ అర్థంతో పాత పత్రాలు చదివే విద్యార్థికి దిగులుపడ్డవాడు కనిపిస్తాడు, నొక్కినవాడు కనిపించడు.

'షెడ్యూల్డ్' అంటే జాబితాలో చేర్చిన, అంతే. 1935 భారత ప్రభుత్వ చట్టంతో 'షెడ్యూల్డ్ కాస్ట్స్' అనే మాట చట్టంలోకొచ్చింది. రిజర్వు బ్యాంకు చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నవాటినీ షెడ్యూల్డ్ బ్యాంకులనే అంటారు. బ్యాంకుకు పరువు తెచ్చే మాట మనిషికి తిట్టెట్లా అయింది? మాటలో తప్పు లేదు, పలికే నోట్లో ఉంది.

రాజ్యాంగం 16(4)లోని 'బ్యాక్‌వర్డ్' సంగతి వేరు. వెనక్కి ఎవరు నెట్టారో అది చెప్పదు. మన తెలుగూ అంతే. 'వెనుకబడిన', 'అణగారిన' అంటే వాళ్లంతట వాళ్లే వెనుకబడినట్టు, అణగిపోయినట్టు. 'అణచబడిన' అంటే మాత్రం 'ఎవరిచేత?' అన్న ప్రశ్న లేస్తుంది.

'దళిత' కూడా వ్యాకరణంలో విశేషణమే. నలగ్గొట్టబడిన అని అర్థం. అయితే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ దాన్ని తామే ఎంచుకుని పేరుగా పెట్టుకున్నారు. నలిగినవాళ్లే పలికితే ఆ మాట నలగ్గొట్టినవాణ్ణి నిలదీస్తుంది.

అందుకే క్లాసులో విశేషణాలు చెప్పే టీచర్లు 'చేసినవాడెవడు?' అన్న ప్రశ్న కూడా నేర్పాలని కోరుతున్నాం.